పెరట్లో దీపపు ఎర, గోరంత మాత్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం వైపు తెలుగువాళ్ళు పెరట్లో దీపం పెట్టి రెక్కల పురుగుల్ని చూడడం మొదలుపెట్టాక ఎక్కువగా అడిగే సంగతులు ఇవి. మాత్‌లంటే రాత్రిపూట దీపానికొచ్చే, సీతాకోకచిలుకకు చుట్టాలైన రెక్కల పురుగులు. వాటిలో పెద్దవాటి గురించి ఇక్కడ పెద్దగా లేదు. అరచేయంత టస్సర్ పట్టు మాత్ వచ్చి గోడ మీద వాలితే వీధి వీధంతా చూడడానికి వస్తుంది, దానికి మన సాయం అక్కర్లేదు. ఎవరూ తిరిగి చూడని చిన్నవాటి గురించే ఈ మాటలు.

చిన్న మాత్‌లంటే ఏవి? సైజు చూసి తేల్చేయవచ్చా?

తేల్చలేం. 'మైక్రో' (చిన్నవి), 'మాక్రో' (పెద్దవి) అన్నది శాస్త్రం గీసిన గీత కాదు, పాతకాలం సేకర్తలు తమ సౌకర్యం కోసం పెట్టుకున్న అలవాటు. పైరాలిడే, క్రాంబిడే, టార్ట్రిసిడే, జెలెకిడే, టినీడే, గ్రాసిల్లరిడే, టెరోఫోరిడే లాంటి కుటుంబాలన్నీ మైక్రోల కింద జమ. వీటిలో క్రాంబిడే మాత్‌లు కొన్ని రెక్కలు చాపితే మూడు సెంటీమీటర్లు దాటి దర్జాగా ఉంటాయి. మరోవైపు యూబ్లెమ్మా జాతులూ, రాళ్ళ మీదా బెరడు మీదా ఉండే లైకెన్లు తిని బతికే మాత్‌లలో కొన్నీ వేలి గోరంత ఉండి కూడా మాక్రోల లెక్కలోకే పోతాయి. కాబట్టి సైజును మొదటి జల్లెడగా వాడండి, తీర్పుగా వాడకండి.

చిన్నవాటితో అసలు తంటా వేరే ఉంది. మన దేశంలో మాత్‌లు పదివేల జాతులకు పైనే. 1892–1896 మధ్య జార్జ్ హాంప్సన్ బ్రిటిష్ ఇండియా మాత్‌ల మీద నాలుగు సంపుటాలు తెచ్చాడు. అవి పైరాలిడ్‌ల దగ్గర ఆగిపోయాయి. మిగిలిన చిన్న కుటుంబాల పని చాలావరకు ఇంగ్లండులో బడిపంతులుగా పనిచేసిన ఎడ్వర్డ్ మేరిక్ (1854–1938) చేతిలో పడింది. ఇండియాతో సహా ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చిన నమూనాలు చూసి ఆయన 14 వేలకు పైగా జాతులను వర్ణించాడు. ఆ వర్ణనల్లో చాలావాటికి బొమ్మ ఉండదు. ఆయన చూసిన పురుగులు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం సొరుగుల్లో ఉన్నాయి. అంటే మీ పెరట్లో వాలిన పురుగుకు ఎప్పుడో పేరు పెట్టేసి ఉండవచ్చు, ఆ పేరుకు తగిన ఫోటో మాత్రం ఎక్కడా దొరక్కపోవచ్చు. ఇది తెలిసి దిగితే నిరాశ సగం తగ్గుతుంది.

ఎర ఎలా తయారు చేసుకోవాలి? కొనాల్సిందేనా?

అక్కర్లేదు. పొలాల్లో రైతులు పెట్టే దీపపు ఎర అందరం చూసిందే. దాంట్లో దీపం కింద కిరోసిన్ నీళ్ళ పళ్ళెం ఉంటుంది, పురుగు పడి చస్తుంది. మనకు చావు వద్దు కాబట్టి పళ్ళెం మానేస్తే చాలు.

తేలికైనది తెల్ల పంచె పద్ధతి. దండెం మీద ఉతికిన తెల్ల పంచె వేసి, కొంగు నేల మీదికి పరుచుకునేలా వదిలి, ముందు ఒక బల్బు వేలాడదీయండి. మామూలు తెల్ల ఎల్‌ఈడీ కన్నా అతినీలలోహిత కాంతి ఇచ్చే ఎల్‌ఈడీ గానీ, అదే రకం కాంతి ఇచ్చే ఆక్టినిక్ ట్యూబు గానీ చాలా మేలు. మాత్‌ల కళ్ళకు ఆ కాంతే బాగా ఆనుతుంది. పాత పాదరస ఆవిరి దీపం దొరికితే ఇంకా జోరుగా వస్తాయి, కానీ అది కరెంటు తాగుతుంది, వేడెక్కుతుంది, వాన చుక్క పడితే పగులుతుంది. మన వైపు కరెంటు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. 12 వోల్టుల బ్యాటరీతోనో పవర్ బ్యాంకుతోనో వెలిగే దీపం పెట్టుకుంటే రాత్రి మధ్యలో పని ఆగదు.

రాత్రంతా కూర్చోలేనివాళ్ళకి బకెట్టు ఎర. బకెట్టు మూతికి గరాటు, గరాటు మీద దీపం, లోపల కోడిగుడ్ల అట్టలు. పురుగులు జారి లోపలికి పోయి అట్టల గుంటల్లో నక్కి పడుకుంటాయి. రాబిన్సన్, స్కిన్నర్, హీత్ అని పేర్లున్న ఎరలన్నీ ఈ సూత్రం మీద కట్టినవే. గరాటు కింద వాన నీళ్ళు పోయే దారి ఉంచండి, లేకపోతే శ్రావణ మాసంలో పొద్దున్నే లేచేసరికి మాత్‌ల పులుసు ఉంటుంది.

చీమల్ని మర్చిపోకండి. నేల మీద పెట్టిన బకెట్టులోకి చీమలదండు దిగితే రెక్కలు తప్ప ఏమీ మిగలవు. నీళ్ళ పళ్ళెంలో ఇటుక పెట్టి దాని మీద బకెట్టు నిలపండి. గోడకు ఆనించి పెడితే బల్లులకు విందు. అతినీలలోహిత దీపం వైపు సూటిగా చూస్తూ కూర్చోకండి, పిల్లల్నీ కూర్చోనివ్వకండి. పక్కింటివాళ్ళకి ముందే చెప్పడం కూడా ఎర సామగ్రిలో భాగమే: నీలం వెలుతురు రాత్రంతా కిటికీలోంచి పడితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

అసలు ఇవి దీపం దగ్గరికి ఎందుకు వస్తాయి?

చంద్రుణ్ణి చూసి దారి పట్టుకుంటాయనీ, దీపాన్ని చంద్రుడనుకుంటాయనీ చాలాకాలం చెప్పారు. 2024లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం వేరే కారణం చూపింది. వేగంగా తీసే కెమెరాలతో గమనిస్తే, ఎగిరే పురుగు తన వీపును వెలుతురు వైపు తిప్పుకుంటోంది. మామూలుగా రాత్రి వెలుతురు ఆకాశం నుంచే వస్తుంది కాబట్టి వీపు పైకి ఉంటే సమంగా ఎగురుతుంది. పక్కన దీపం ఉంటే వీపు అటు వాలి, దాని చుట్టూ తిరుగుతూ చిక్కుకుపోతుంది. అంటే దూరాన్నుంచి లాక్కొచ్చేది కాదు, దగ్గరగా వెళ్తున్నవాటిని పట్టేసేది దీపం. మీ ఎరలో పడ్డవి ఎక్కువభాగం మీ చుట్టుపక్కలవే అనడానికి ఇదొక ఆధారం.

ఏ రాత్రులు మంచివి?

అమావాస్య ముందూ వెనుకా, గాలి లేకుండా ఉక్కపోసే రాత్రి, మబ్బు పట్టి వాన పడీ పడనట్టున్నప్పుడు. పున్నమినాడు తక్కువ పడతాయి. తొలకరి వాన పడిన సాయంత్రం మాత్రం ఎర కట్టేసి పడుకోండి, ఉసుళ్ళ వరదలో ఇంకేమీ కనబడదు. కోరాపుట్ పీఠభూమి మీద చలి ముదిరితే రాక బాగా పలచబడుతుంది, కింద పర్లాకిమిడి, బరంపురం మైదానంలో చలికాలమూ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. ఏమీ రాని రాత్రిని కూడా పుస్తకంలో రాయండి. సున్నా కూడా లెక్కే.

పట్టినవాటిని చంపాలా?

ఇంటి పెరట్లో చూసేవాళ్ళకి ఆ అవసరం లేదు. చిన్న పారదర్శక డబ్బాల్లోకి ఒక్కొక్కటిగా తీసుకోండి. కదిలేవాటిని డబ్బాతో సహా కాసేపు ఫ్రిజ్‌లో, ఫ్రీజర్‌లో కాదు, ఉంచితే నెమ్మదిస్తాయి. బయటికి తీశాక ఫోటోకి రెండు మూడు నిమిషాలు దొరుకుతాయి. పని అయ్యాక ఎరకు దూరంగా, గుబురు పొదలోకి వదలండి. రోజూ ఒకే చోట వదిలితే నల్లంచి పిట్ట టైము తెలుసుకొని వచ్చి కూర్చుంటుంది.

ఎరలో చచ్చి దొరికినదాన్ని పారేయకండి. బటర్ పేపరును మూడు మూలల కవరుగా మడిచి అందులో పెట్టి, పైన పెన్సిలుతో తేదీ, చోటు రాసి గాలి చొరని డబ్బాలో దాచండి. పెన్ను సిరా చెమ్మకు అలుక్కుపోతుంది.

ఫోన్‌తో తీసిన ఫోటో సరిపోతుందా?

సరిపోతుంది, ఒక్క ఫోటో అయితే సరిపోదు. పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ముఖం కనిపించేలా ఒకటి. చిన్న మాత్‌లలో ముఖం ముందు పొడుచుకొచ్చే పాల్పులు సగం కథ చెబుతాయి. అవి కొమ్ముల్లా పైకి వంగాయా, ముక్కులా ముందుకు సాగాయా అన్నది పై నుంచి తీసిన ఫోటోలో తెలియదు. వెనుక రెక్క కాస్త కనబడితే ఇంకా మంచిది.

డబ్బా అడుగున మిల్లీమీటరు గళ్ళ గ్రాఫ్ కాగితం వేస్తే కొలత దానంతటదే వస్తుంది. ముందు రెక్క మొదలు నుంచి కొన దాకా పొడవే కొలతగా రాయండి. రెక్కలు చాపిన వెడల్పు బతికున్న పురుగు మీద కొలవడం కుదరదు. ఫ్లాష్ నేరుగా కొడితే పొలుసులు మెరిసి గీతలన్నీ మాయమవుతాయి, ఫ్లాష్‌కు ముందు పల్చటి తెల్ల కాగితం అడ్డం పెట్టండి. ఫోన్ లెన్సు మీద తగిలించే చిన్న మాక్రో క్లిప్పు పెట్టుబడికి తగ్గ ఫలితమిచ్చే వస్తువు, ట్రైపాడ్ కన్నా ముందు అది కొనండి.

పొలుసులు రాలిపోయి వెలసిన పురుగు మీద గంటలు ఖర్చుపెట్టకండి. మర్నాడు అదే జాతిలో తాజాది వస్తుంది.

నోటుపుస్తకంలో ఏమేం రాయాలి?

మొత్తం పనిలో విలువైన భాగం ఇదే. పురుగు పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఎక్కడ, ఎప్పుడు, ఎలా పట్టారన్నది ఆ రాత్రి రాయకపోతే తర్వాత ఎవరూ రాయలేరు.

చోటు: ఊరి పేరు ఒక్కటే చాలదు. మనం పర్లాకిమిడి అంటాం, సర్కారు బోర్డు మీద పారళాఖెముండి, రైల్వే టిక్కెట్టు మీద ఇంకో స్పెల్లింగు. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. కొటియా గ్రామాలనైతే రెండు రాష్ట్రాలూ మావంటే మావంటాయి. అందుకని అక్షాంశం, రేఖాంశం రాయండి. పర్లాకిమిడి సుమారు 18.78 ఉత్తరం, 84.09 తూర్పు. దశాంశం తర్వాత మూడంకెలు రాస్తే వంద మీటర్ల తేడాలో, నాలుగంకెలు రాస్తే పది పదకొండు మీటర్ల తేడాలో చోటు తెలుస్తుంది. మీ ఇంటి అడ్రసు లోకానికి తెలియడం ఇష్టం లేకపోతే బయటికి ఇచ్చేటప్పుడు రెండంకెలకు కుదించండి, సొంత పుస్తకంలో మాత్రం పూర్తిగా ఉంచండి. కొండ దిగువా పైనా జాతులు మారతాయి కాబట్టి సముద్ర మట్టం నుంచి ఎత్తు కూడా రాయాలి.

తేదీ: రాత్రి పన్నెండు దాటితే ఏ తేదీ వేయాలని అడుగుతారు. ఎర వెలిగించిన సాయంత్రం తేదీ వేయడం ఎక్కువమంది పాటించే పద్ధతి. ఇంకా అనుమానం లేకుండా '12–13 ఆగస్టు రాత్రి' అని రెండూ రాస్తే గొడవ వదిలిపోతుంది. తిథి రాసుకుంటే వెన్నెల లెక్క కూడా అందులోనే ఉంటుంది, ఈ విషయంలో మన పంచాంగం ఏ యాప్‌కీ తీసిపోదు.

తర్వాత దీపం రకం, వాట్లు, ఎన్ని గంటలకు పెట్టి ఎన్ని గంటలకు తీశారు, వాన, గాలి, మబ్బు. చుట్టూ ఏముంది: వరి మడా, జీడితోటా, గెడ్డ ఒడ్డా, వట్టి కాంక్రీటా. ఒక్కో రకం ఎన్ని వచ్చాయి. ఫోటోల నంబర్లు. చివరగా చాలామంది వదిలేసేది: పేరు ఎవరు చెప్పారు, దేన్ని బట్టి చెప్పారు. 'ఫోటో చూసి', 'నమూనా చూసి', 'యాప్ సూచన' అని మూడు ముక్కల్లో రాసినా చాలు. పదేళ్ళ తర్వాత మీ పుస్తకం చూసేవాడికి ఏ పేరును ఎంత నమ్మాలో అక్కడ తెలుస్తుంది.

మొదట ఏవి నేర్చుకోవాలి?

పంట పురుగుల్ని. మన జిల్లాల్లో ఏ ఊళ్ళో ఎర పెట్టినా చుట్టూ వరి, కంది, నువ్వు, వంగ, బీర, దోస ఉంటాయి. వాటి మీద బతికే చిన్న మాత్‌లే ముందుగా వచ్చి వాలతాయి. పైగా వీటి గురించి వ్యవసాయ శాఖ వాళ్ళు రాసినది బోలెడుంది, ఫోటోలు దొరుకుతాయి, ఊళ్ళో రైతును అడిగినా పనవుతుంది.

వరి కాండం తొలిచే పురుగు, ఒడియా రైతులు కాండబింధా పోక అనేది, సిర్పోఫేగా ఇన్సెర్టులాస్. ఆడది పసుపు రంగు, ఒక్కో ముందు రెక్క మధ్య ఒకే నల్లచుక్క. మగది చిన్నది, వెలిసిన గోధుమ రంగు, చిన్న చిన్న మచ్చలు. రెండింటినీ పక్కపక్కన పెడితే వేర్వేరు జాతులనుకుంటారు. ఆడదాని పొట్ట చివర బొచ్చు కుచ్చు ఉంటుంది, గుడ్లు పెట్టి ఆ బొచ్చుతోనే కప్పుతుంది. పొలంలో మొవ్వులు చచ్చి, తర్వాత తెల్లకంకులు కనబడ్డాయంటే పని దీని పిల్లలది.

ఆకు ముడత పురుగు, నఫలోక్రోసిస్ మెడినాలిస్. సెంటీమీటరు లోపు రెక్క, బంగారు గోధుమ రంగు, అంచున ముదురు పట్టీ. ముందు రెక్క మీద అడ్డంగా రెండు నిండు గీతలు, వాటి మధ్య సగంలోనే ఆగిపోయే ఒక పొట్టి గీత. ఆ పొట్టి గీతే మొదట చూడాల్సిన గుర్తు. దీనికి దగ్గరి చుట్టాలు వరి మీదే ఉన్నాయి గనక ఫోటో మసగ్గా ఉంటే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, పేరులో మొదటి ముక్క) దగ్గర ఆగండి. మడినీళ్ళలో ఆకు ముక్కను గొట్టంలా చుట్టుకొని తేలే పురుగు చూశారా? పెద్దయ్యాక అది తెల్లటి రెక్కల మీద లేత గోధుమ అలలున్న పారాపోయింక్స్ స్టాగ్నాలిస్. మాత్ పిల్లకు నీళ్ళలో ఊపిరి పీల్చే మొప్పలుండడం వింతే, దీనికున్నాయి.

పెరటి మొక్కల దగ్గరికొస్తే, వంగ మొవ్వు, కాయ తొలిచే ల్యూసినోడెస్ ఆర్బోనాలిస్ తెల్ల రెక్కల మీద గులాబీ గోధుమ మచ్చలతో, పొట్ట చివర పైకెత్తి కూర్చుంటుంది. తోటకూర ఆకులు గూడు కట్టే స్పోలాడియా రికర్వాలిస్ ముదురు గోధుమ రంగు మీద తెల్ల పట్టీలు. బీర, దోస పాదుల మీది డయాఫానియా ఇండికా రెక్కలు ముత్యపు తెలుపు, చుట్టూ ముదురు అంచు, తోక దగ్గర కుచ్చు. కంది, బొబ్బర పూత గూడు కట్టే మారుకా మచ్చల పురుగు ముందు రెక్క గోధుమ రంగులో కిటికీల్లాంటి పారదర్శక మచ్చలు. ఆముదం కాయ తొలిచే కోనోగెతెస్ పంక్టిఫెరాలిస్ పసుపు మీద నల్లచుక్కలు, అయితే ఈ ప్రజాతిలో ఒకేలా ఉండేవి ఒకటికి మించి ఉన్నాయి, తొందరపడొద్దు. కాబేజీ, గోబీ వేసేవాళ్ళకి డైమండ్ రెక్కల పురుగు ప్లూటెల్లా జైలోస్టెల్లా తెలిసే ఉంటుంది: మూసిన రెక్కల మీద వెనుక వైపు లేత రంగు డైమండ్లు వరసగా, మీసాలు ముందుకు చాపి.

ఈ తొమ్మిదీ చేతికొస్తే మిగతావాటిలో 'ఇది వాటిలోది కాదు' అని చెప్పగలుగుతారు. ఆ మాట చెప్పగలగడమే సగం గుర్తుపట్టడం.

తెలియనిది వస్తే కుటుంబం దాకా ఎలా వెళ్ళాలి?

రంగు చూడకండి, కూర్చున్న తీరు చూడండి. రంగు వెలుస్తుంది, భంగిమ వెలవదు.

గడ్డి పరకకు అంటుకున్నట్టు రెక్కలు ఒంటికి చుట్టి, పొడవాటి ముక్కు ముందుకు చాపిందా? క్రాంబిడేలో గడ్డి మాత్‌లు. రెక్కలు త్రిభుజంలా పరిచి, సన్నటి ఒంటితో, పొడవాటి కాళ్ళతో కూర్చుంటే అదీ ఎక్కువసార్లు క్రాంబిడేనే. పై నుంచి గంట ఆకారం, భుజాలు వెడల్పుగా ఉంటే టార్ట్రిసిడే. రెక్కలు సన్నటి కర్రల్లా ఒంటికి అడ్డంగా చాపి ఇంగ్లీషు టీ అక్షరంలా నిలబడితే ఈకరెక్కల మాత్, టెరోఫోరిడే. మన కంది చేలల్లోంచి ఎక్సెలాస్టిస్ అటోమోసా ఇలాగే వస్తుంది. పాల్పులు కొడవళ్ళలా తల మీదికి వంగి, వెనుక రెక్క కొన వేలులా సన్నగా సాగితే జెలెకిడే. తల మీద దుబ్బు జుట్టు రేగి, రెక్కలు ఇంటి కప్పులా వాలితే టినీడే. ముందు కాళ్ళ మీద లేచి, తల ఎత్తి, తోక నేలకు ఆనించి కూర్చున్న ఐదారు మిల్లీమీటర్ల సన్నటి ప్రాణి గ్రాసిల్లరిడే. వెనుక కాళ్ళు రెండు పక్కలకీ ఎత్తి పట్టుకుంటే స్టాత్మోపోడా అయి ఉండవచ్చు, ఒకసారి చూస్తే మళ్ళీ మర్చిపోరు. అంతకన్నా చిన్నవి, రెక్కలు చాపినా నాలుగైదు మిల్లీమీటర్లు దాటనివి నెప్టిక్యులిడే వైపు చూడాలి.

పైరాలిడేకీ క్రాంబిడేకీ కచ్చితమైన తేడా పొట్ట మొదట్లో ఉండే చెవి నిర్మాణంలో ఉంది. ఫోటోలో కనబడదు. బయటి రూపంతో అలవాటు మీద చెప్పే మాటే మనది, పుస్తకంలో అలాగే రాయండి.

యాప్ చెప్పిన పేరు రాసేయవచ్చా?

సూచనగా రాయవచ్చు. ఐనాచురలిస్ట్ లాంటి వేదికల్లో కంప్యూటర్ తాను చూసిన ఫోటోల్లోంచి దగ్గరిది వెతికి చెబుతుంది. చిన్న మాత్‌ల ఫోటోలు యూరప్, అమెరికాల నుంచి కుప్పలుగా, మన కొండల నుంచి చిటికెడు. దాంతో గోధుమ రంగు జెలెకిడ్‌కు ఇంగ్లండు తోటలోని పేరు తగిలించే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మొదట చూడాల్సింది ఆ జాతి ఇండియాలో ఎక్కడైనా నమోదైందా అని. తర్వాత మాత్స్ ఆఫ్ ఇండియా, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వంటి మన దేశపు సైట్లలోని ఫోటోలతో పోల్చండి. నా మటుకు నేను యాప్‌ను కుటుంబం దాకా నమ్ముతాను, ప్రజాతి దగ్గర అనుమానిస్తాను, జాతి చెబితే రుజువు అడుగుతాను.

ఇద్దరు ముగ్గురు 'అవును' అని నొక్కినంత మాత్రాన పేరు ఖాయం కాదు. ఆ ముగ్గురూ అదే యాప్‌ను చూసి నొక్కి ఉండవచ్చు.

జాతి పేరు తేలకపోతే ఆ రికార్డు దండగేనా?

కాదు. తప్పు జాతి పేరుతో ఉన్న రికార్డే దండగ, దండగ కన్నా చెడ్డది. ఎక్కడో మహారాష్ట్రలో ఒకరు ఆ జాతి మ్యాపు గీస్తూ రాయగడ మీద చుక్క పెట్టేస్తారు, అది తీయించడం తలప్రాణం తోకకొస్తుంది. 'టార్ట్రిసిడే, జాతి తెలియదు, ముందు రెక్క 6 మి.మీ., మూడు ఫోటోలు, ఫలానా చోటు, ఫలానా రాత్రి' అన్నది పూర్తి రికార్డు. రేపు ఎవరైనా ఆ కుటుంబం మీద పనిచేస్తే నేరుగా దాని దగ్గరికే వస్తారు.

కొన్ని జాతులు ఎంత మంచి ఫోటోలోనూ తేలవు. నిపుణులు పొట్ట చివరి భాగాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి, మెత్తబడ్డాక జననాంగాల ఆకారం సూక్ష్మదర్శినిలో చూసి చెబుతారు. లేదా డీఎన్ఏ బార్‌కోడ్ (జాతిని పోల్చే చిన్న డీఎన్ఏ ముక్క) తీస్తారు. అది పెరట్లో చేసే పని కాదు. అలాంటి పురుగుకు తాత్కాలికంగా మీ సొంత గుర్తు పెట్టుకోండి: 'గోధుమ జెలెకిడ్ 3, తెల్ల నడుము' అని. అదే మళ్ళీ వచ్చినప్పుడు ఆ గుర్తు కిందే లెక్కవేస్తే, పేరు లేకుండానే ఏ నెలల్లో ఎగురుతుందో తెలుస్తుంది.

దీపానికి రానివాటిని ఎలా చూడాలి?

ఆకులు చూడండి. నిమ్మ లేతాకు మీద నత్త పాకినట్టు వెండి గీతలుంటాయి, లోపల ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా పిల్ల ఉంటుంది. జీడిమామిడి లేతాకుల మీద ఉబ్బిన బూడిదరంగు మచ్చలు అక్రోసెర్కోప్స్ సింగ్రామా పని. గజపతి జిల్లాలో జీడితోటకు కొదవ లేదు కాబట్టి ఇది తేలిగ్గా దొరుకుతుంది. ఆకును కొమ్మతో కోసి, అడుగున కాస్త తడి కాగితం వేసిన డబ్బాలో పెట్టి మూత బిగించండి. రోజూ ఒకసారి చూసి బూజు పడితే తుడవండి. మాత్ బయటికొస్తే ఏ మొక్క మీద పుట్టిందో రుజువుతో సహా దొరికినట్టే. ఎర ఎంత పెద్దదైనా ఈ సంగతి చెప్పలేదు. మాత్‌కు బదులు చిన్న కందిరీగ లాంటిది వస్తే పారేయకండి, అది ఆ పిల్లను లోపలే తిని పెరిగిన పరాన్నజీవి, అదీ రాయాల్సిందే.

పత్తి చేలోని లింగాకర్షక బుట్టల్లో పడ్డవి లెక్కలోకి వస్తాయా?

వస్తాయి, వేరే పద్దు కింద. గుణుపురం, రాయగడ వైపు పత్తిలో గులాబీ రంగు పురుగు కోసం బుట్టలు కడతారు. ఆ ఎరలో ఆడదాని వాసన ఉంటుంది, మగవే వస్తాయి, అదీ ఆ ఒక్క జాతే. దీపపు ఎర లెక్కతో కలిపేస్తే రెండూ పాడవుతాయి. బుట్ట ఏ పురుగు ఎర అన్నది తప్పక రాయండి.

ఎర పెడితే తోటలో పురుగు తగ్గుతుందా అని కూడా అడుగుతారు. ఒక్క దీపంతో తగ్గదు. ఏ పురుగు ఎప్పుడు మొదలైందో ముందుగా తెలుస్తుంది, అంతే.

మహేంద్రగిరి మీదో అడవిలోనో పెట్టవచ్చా?

ముందు అటవీ శాఖ దగ్గర రాతపూర్వక అనుమతి. లఖారి లోయ అభయారణ్యంలో గానీ రిజర్వు అడవిలో గానీ 'దీపమే కదా, పురుగులే కదా' అంటే కుదరదు. 1,501 మీటర్ల మహేంద్రగిరి జీవవైవిధ్య వారసత్వ స్థలం, నియమాలు ఉంటాయి. పైగా ఆ లోయల్లో ఏనుగులు తిరుగుతాయి, రాత్రి ఒంటరిగా దీపం పెట్టుకు కూర్చోవడం ధైర్యం కాదు. నమూనాలను విదేశాలకు పంపాలనుకుంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం వర్తిస్తుంది, ఎవరో ఆన్‌లైన్‌లో అడిగారని కవర్లో పెట్టి పోస్టు చేయకండి. కొండ దిగువ ఊళ్ళో తెలిసినవాళ్ళ పెరడు అడిగి పెట్టుకుంటే ఈ బాధలేవీ ఉండవు. ఆ ఇంటివాళ్ళు సవరలైతే పురుగు ఏ చెట్టు మీద ఉంటుందో మనకన్నా వాళ్ళకే బాగా తెలిసి ఉండే అవకాశం ఎక్కువ, అడిగి రాసుకోండి.

ఎర దగ్గర కూర్చుంటే మర్నాడు మెడ మీద మంట, పొక్కులు. మాత్ కుట్టిందా?

చిన్న మాత్‌లు కుట్టవు. వానాకాలంలో వరి మడుల నుంచి పెడెరస్ అనే పురుగు దీపానికి వస్తుంది. చీమలా సన్నగా, ఎరుపు నలుపు పట్టీలతో ఉంటుంది. అది కుట్టదు, కరవదు. మెడ మీద పాకుతుంటే మనం చటుక్కున నలిపేస్తాం, దాని ఒంట్లోని రసం చర్మానికి తగిలి మర్నాటికి కాలిన గాయంలా లేస్తుంది. నలపకుండా ఊది పారేయండి. నలిగిపోతే వెంటనే సబ్బుతో కడగండి, ఆ చేత్తో కళ్ళు నులమకండి. పొక్కులు పెద్దవైనా కంటికి తగిలినా డాక్టరుకు చూపించండి.

మేం కొద్దిమందిమే. కలిసి చేసే సందర్భం ఏదైనా ఉందా?

2012లో మొదలైన నేషనల్ మాత్ వీక్ ఏటా జులై చివరి వారంలో జరుగుతుంది. పేరుకు నేషనల్, పాల్గొనేది ప్రపంచమంతా. మనకు అది సరిగ్గా వానల మధ్య పడుతుంది, తడిసిపోతాం గానీ పురుగులకు కొదవుండదు. పర్లాకిమిడిలో ఒకరు, గుణుపురంలో ఒకరు, జయపురంలో ఒకరు ఒకే రాత్రి ఒకే రకం దీపం పెడితే మైదానానికీ కొండకూ తేడా ఒక్క రాత్రిలో చూడవచ్చు. బల్బులు వేర్వేరైతే ఆ పోలికకు అర్థం ఉండదు, కాబట్టి ముగ్గురూ ఒకే కొట్లో కొనుక్కోండి.

బియ్యం డబ్బాలోంచి ఎగిరిన పురుగును కూడా రాయాలా?

రాయండి, 'ఇంట్లో, బియ్యం డబ్బా' అని. బూడిద గోధుమ రంగులో, బియ్యాన్ని దారాలతో ఉండలు కట్టేది కార్సైరా సెఫలోనికా. గాదెలోని వడ్ల నుంచి వచ్చే లేత గడ్డి రంగు చిన్నది, వెనుక రెక్కకు పొడవాటి అంచు వెంట్రుకలున్నది, సిటోట్రోగా సెరియలెల్లా. అది వడ్లగింజకు గుండ్రటి కన్నం చేసి బయటికొస్తుంది. మొదటిదాన్ని ప్రయోగశాలల్లో కావాలని పెంచుతారు: దాని గుడ్ల మీద ట్రైకోగ్రామా పరాన్నజీవుల్ని పెంచి, ఆ గుడ్లు అంటించిన కార్డుల్ని పొలాల్లో కాండం తొలిచే పురుగు మీదికి వదులుతారు. దీపపు ఎర పెట్టిన రాత్రి వంటింటి కిటికీ మూసి ఉంచండి. లేకపోతే ఎరలో కనబడిన కార్సైరా తోటలోదో మీ డబ్బాలోదో తేలదు.